శంషాబాద్ ఐఎల్ఎస్‌లో ఫ్లాప్స్: స్పీడ్ చూసి వేయాలా, దూరం చూసి వేయాలా?

కూకట్‌పల్లి_కాక్‌పిట్:
అన్నలూ ఒక డౌట్. ఎక్స్‌ప్లేన్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో జిబో 737-800 (బోయింగ్ మోడల్) నడుపుతున్నా, ఎక్కువగా బెంగళూరు నుంచి మన శంషాబాద్‌కే, 09 రైట్ రన్‌వేకి, ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సిగ్నల్) పట్టుకుని. యూట్యూబ్‌లో ఒకాయనేమో 15 మైళ్లకి ఫ్లాప్ 1 (రెక్క మీద దించే పలకల మొదటి మెట్టు), 10 మైళ్లకి ఫ్లాప్ 5, 7 మైళ్లకి గేర్ (చక్రాలు) అని దూరం లెక్కన చెప్తాడు, ఇంకొకాయనేమో గేర్ లివర్ దగ్గర ప్లకార్డ్ మీద ఒక్కో ఫ్లాప్‌కి స్పీడ్ లిమిట్ రాసుంటుంది, దానికంటే తక్కువలో ఉంటే ఎప్పుడైనా వేసెయ్ అంటాడు. ఏది పట్టుకోవాలి? ఎందుకు అడుగుతున్నానంటే గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకి దిగే ఏటవాలు దారి సిగ్నల్) పట్టుకున్నాక థ్రస్ట్ ఐడిల్‌లో (ఇంజిన్ పవర్ కనిష్ఠంలో) ఉన్నా స్పీడ్ 190 దగ్గరే ఉండిపోతోంది, దిగట్లేదు. సిమ్‌లో డ్రాగ్ (గాలి అడ్డు) తక్కువ పెట్టారా, లేక నిజం ఫ్లైట్ కూడా ఇంతేనా?

ఉప్పల్_ఫైనల్స్:
తమ్ముడూ, నిజం ఫ్లైట్ కూడా గంతే. 737-800 రెక్క చాలా నున్నగ ఉంటది, 3 డిగ్రీల స్లోప్ మీద క్లీన్‌గ (ఫ్లాప్, గేర్ ఏం దించకుండ) దిగుతుంటే ఐడిల్‌లో పెట్టినా స్పీడ్ తగ్గుడు కష్టం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంప్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు తీసినా బండి స్లో కాదు చూడు, అట్లనే. అందుకే స్పీడ్ తగ్గించుడు అంతా గ్లైడ్‌స్లోప్ ఎక్కకముందే, లెవెల్‌గ ఉన్నప్పుడే అయిపోవాలె. లెవెల్‌ల ఐడిల్ పెడితే మైలుకు సుమారు 10 నాట్లు పోతది, గాలి ఎనకనుంచి ఉంటే ఇంకొంచెం దూరం తీసుకో.

ఇగ నీ అసలు ప్రశ్న. దూరమూ కాదు, ప్లకార్డూ కాదు. ప్లకార్డ్ మీదున్నది పైన హద్దు, అంతే. ఫ్లాప్ 1, 2, 5 లకి 250, 10కి 210, 15కి 200, 25కి 190, 30కి 175, 40కి 162. హద్దు కింద ఉన్నం కదా అని 248లో ఫ్లాప్ 5 గుంజితే సిమ్ ఏమనదు కానీ అది పద్ధతి కాదు. స్పీడ్ టేప్ (స్క్రీన్ మీద స్పీడ్ చూపే నిలువు పట్టీ) మీద పచ్చ గుర్తులు వస్తయి చూడు, యూపీ (అప్, అంటే ఫ్లాప్ ఏం లేనప్పటిది), 1, 5 అని, వాటిని చూడాలె. స్పీడ్ యూపీ గుర్తు దగ్గరికి రాంగనే ఫ్లాప్ 1 వేసి బగ్‌ని (టార్గెట్ స్పీడ్ గుర్తుని) 1 గుర్తు మీద పెట్టు, అక్కడికి వచ్చినంక ఫ్లాప్ 5, బగ్ 5 మీద. గుర్తులు ఎక్కడుంటయంటే, వీరెఫ్ 40 (ఫ్లాప్ 40తోటి దిగేటప్పటి రెఫరెన్స్ స్పీడ్) నువ్వు 135 అనుకో, యూపీ 205, ఫ్లాప్ 1కి 185, ఫ్లాప్ 5కి 165, 15కి 155, 25కి 145. బరువు పెరిగితే అన్నీ కలిసి పైకి జరుగుతయి. దూరం పట్టుకున్నోళ్లు ఇక్కడే దెబ్బతింటరు, ఖాళీ విమానానికి సరిపోయిన మైళ్లు ఫుల్ లోడ్‌కి సరిపోవు.

లోకలైజర్ (రన్‌వే మధ్య గీతకి తెచ్చే సిగ్నల్) పట్టేటప్పటికి ఫ్లాప్ 5 ఉండాలె. గ్లైడ్‌స్లోప్ గుర్తు కదలంగనే గేర్ డౌన్, ఫ్లాప్ 15, స్పీడ్‌బ్రేక్ ఆర్మ్ (నేల తాకంగనే రెక్క మీది బ్రేక్ పలకలు తమంతట తామే లేచేటట్టు). స్లోప్ క్యాప్చర్ అయినంక 30 గానీ 40 గానీ. ఒకటి బాగా గుర్తుపెట్టుకో, ఫ్లాప్ 1 నుంచి 5 దాకా వచ్చేది ఎక్కువ లిఫ్టే, డ్రాగ్ తక్కువ. స్పీడ్ పోతలేదని ఫ్లాప్ మీద ఫ్లాప్ వేసే బదులు గేర్ ముందుగ దించు, 270 దాకా దించొచ్చు. అసలు డ్రాగ్ దాంట్లనే ఉంది.

మియాపూర్_సిమ్మర్:
పైన చెప్పిందంతా కరెక్టండి, నేను మన ఎయిర్‌పోర్ట్ సంగతి ఒకటి కలుపుతాను. శంషాబాద్ ఎత్తు సముద్రమట్టానికి 2,000 ఫీట్ పైమాటే. చెన్నైలోనో ముంబైలోనో ప్రాక్టీస్ చేసి ఇక్కడికి వచ్చేవాళ్లు ఆల్టిమీటర్‌లో 3,000 చూసి ఇంకా చాలా టైముందిలే అనుకుంటారు, కానీ అప్పటికి నేల నుంచి మిగిలింది 1,000 ఫీట్లే, అంటే మబ్బుల్లో వస్తుంటే ల్యాండింగ్ ఫ్లాప్, స్పీడ్, చెక్‌లిస్ట్ అన్నీ అయిపోయి ఉండాల్సిన చోటు అది, కాకపోతే గో అరౌండే (దిగకుండా మళ్లీ పైకెళ్లడమే). 10 మైళ్ల దగ్గర గ్లైడ్‌స్లోప్ మీద ఉంటే ఆల్టిమీటర్ దాదాపు 5,200 చూపించాలి, ఆ లెక్క పెట్టుకోండి.

ఇంకోటి ఎండ. సిమ్‌లో లైవ్ వెదర్ పెట్టి మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో రండి, టేప్ మీద 140 ఉన్నా గాలి లేకపోతే గ్రౌండ్ స్పీడ్ 150 దాటుతుంది. గ్రౌండ్ స్పీడ్‌ని 5తో గుణిస్తే 3 డిగ్రీలకి కావాల్సిన దిగే రేటు (నిమిషానికి ఫీట్లు) వస్తుంది కాబట్టి 700 బదులు 750 పైన కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి ముక్కు ఎత్తొద్దు.

కూకట్‌పల్లి_కాక్‌పిట్:
సూపర్ అన్నా, ఇద్దరికీ థాంక్స్. మరి గేర్ దించాక కూడా స్పీడ్ ఎక్కువుంటే స్పీడ్‌బ్రేక్ వాడొచ్చా? ఫ్లాప్ 40 వేస్తే ఒక్కోసారి లివర్ 40 లోనే ఉంటుంది గేజ్ మాత్రం 30 చూపిస్తుంది, అది సాఫ్ట్‌వేర్ బగ్గా?

ఉప్పల్_ఫైనల్స్:
బగ్ కాదు, లోడ్ రిలీఫ్. ఫ్లాప్ 40 ఉండంగ స్పీడ్ 163కి పోతే ఫ్లాప్ తనంతట తానే 30కి ఎక్కుతది, లివర్ కదలదు, స్పీడ్ తగ్గంగనే మళ్ల దిగుతది. 30లో ఉంటే 176కి అట్లనే 25కి పోతది. గాలి దుమారం ఉన్నరోజు 40లో వస్తే ఇది కనిపిస్తది, అప్పుడు 30తోటి దిగుడు నయం. స్పీడ్‌బ్రేక్ ఫ్లాప్ 15 వేసినంక వాడొద్దు, 1,000 ఫీట్ల కింద అసలే వద్దు.

నాచారం_ఎ320:
ఎయిర్‌బస్ నడిపేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, అక్కడ కూడా తీరు ఇదే భయ్యా, గుర్తుల పేర్లే వేరు. గ్రీన్ డాట్ (ఫ్లాప్ లేనప్పటి గుర్తు) దగ్గర ఫ్లాప్ 1, ఎస్ స్పీడ్ (ఫ్లాప్ 1 గుర్తు) దగ్గర 2, తర్వాత గేర్, 3, ఫుల్. హద్దులు 230, 200, 185, 177. మేనేజ్డ్ స్పీడ్‌లో (స్పీడ్‌ని కంప్యూటరే ఎంచుకునే మోడ్‌లో) ఉంటే ముందు అప్రోచ్ ఫేజ్ యాక్టివేట్ అయిందో లేదో చూస్కో, కాకపోతే ఫ్లాప్ ఎంత వేసినా ఆటోథ్రస్ట్ వీఆప్‌కి (చివరి అప్రోచ్ స్పీడ్‌కి) తేదు.

కూకట్‌పల్లి అన్నా, నీ ల్యాండింగ్ వెయిట్, వీరెఫ్ ఎంత వస్తున్నాయో రాయి, 10 మైళ్ల దగ్గర స్పీడ్ టేప్ స్క్రీన్‌షాట్ కూడా పెట్టు, చూసి చెప్తాం.