నీమచ్ మట్టి తెచ్చి చల్లితే మన చెల్కల అశ్వగంధ వేరు ఊరుతదా?

చెల్క_నర్సంపేట:
అందరికి నమస్తే. ఎకరం ఎర్ర చెల్కల అశ్వగంధ (పెన్నేరు గడ్డ) ఉంది, విత్తనం జవహర్ అసగంద్-20. అంతకుముందు అదే చెల్కల మిర్చి వేసినం. ఇప్పుడు నాలుగున్నర నెలలు. ఆకు మస్తు ఏపుగ ఉంది. పీకి చూస్తే వేరు పెన్సిలంత సన్నగ, కింద రెండు మూడు చీలికలు, అంతా పీచు. కొన్నిటికి బుడిపెలు. మధ్యప్రదేశ్ నీమచ్ సరుకు నున్నగ, లావుగ ఉంటది. అక్కడి మట్టిల బ్యాక్టీరియాతోనే ఆ గుణం వస్తదని, నాలుగు బస్తాల మట్టి తెప్పించి చల్లుమని అంటున్నరు. తెప్పించాల్నా?

వేరుమట్టి:
తెప్పించకండి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టే దాదాపు 900 టన్నులు. అందులో మీ నాలుగు బస్తాలు 200 కిలోలు. వచ్చిన బ్యాక్టీరియాను మీ చెల్కలో ముందునుంచీ ఉన్నవి నిలవనియ్యవు. ఆ మట్టితో నులిపురుగు (వేర్లలో చేరి బుడిపెలు కట్టించే, కంటికి కనబడనంత సన్న పురుగు) గుడ్లు, ఎండుతెగులు శిలీంధ్రం మాత్రం భేషుగ్గా బతికొస్తాయి.

ప్రాంతానికీ బ్యాక్టీరియాకూ సంబంధం లేదని కాదు. వేరు తన చుట్టూ చక్కెరలు, ఆమ్లాలు వదులుతుంది, వాటికోసం బ్యాక్టీరియా చేరుతుంది. ఏది చేరాలన్నది మట్టి పీహెచ్ (పులుపు, చవుడు గుణం), తేమ, వేడి, పెంట మీద ఆధారపడుతుంది. అంటే నేలను బట్టి బ్యాక్టీరియా. చైనాలో ఫలానా సీమలో పెరిగిందే అసలు మందు అనే లెక్క ఉంది, దాన్ని దావోదీ అంటారు. అదే దేశంలో యునాన్ రాష్ట్రపు వెన్షాన్ ప్రాంతం సాంచి అనే మందు దుంపకు (జిన్సెంగ్ జాతిది) పేరుమోసింది. అక్కడ కూడా ఒకసారి పండించిన మడిలో వెంటనే మళ్లీ వేస్తే వేరు కుళ్లుతుంది, ఏళ్లపాటు ఆ మడిని వదిలేయాల్సిందే. ఎందుకంటే వేరు దగ్గర మేలు చేసేవి తగ్గి, కుళ్లు శిలీంధ్రాలు పెరుగుతాయి. సీమ మారలేదు, వేరు చుట్టూ ఉన్న జీవం మారింది.

మీ దగ్గర జరిగింది కూడా అదే అనిపిస్తోంది. మిర్చి, టమాట, వంకాయ, అశ్వగంధ అన్నీ ఒకే కుటుంబం. బుడిపెను గోటితో గీకి చూడండి. పెసర వేరు మీద మేలు బ్యాక్టీరియా కట్టే బుడిపె ఇట్టే ఊడొస్తుంది. ఇది ఊడకుండా వేరు తోలే లేస్తే నులిపురుగు.

దుబ్బచెల్క:
చీలికలకు బ్యాక్టీరియాను అనొద్దు అన్నా. ఏటా రోటవేటర్ తోటే దున్నితే కింద గట్టి పొర పడుతది, వేరు దాన్ని తాకి చీలుతది. వాన పడ్డ రెండో రోజు ఇనుప చువ్వ గుచ్చి చూడు, ఎక్కడ ఆగితే అక్కడే పొర. ఎండకాలంల 25–30 సెంటీమీటర్ల లోతు దున్నించు. పచ్చి పెంట వేసినా చీలుతది, బాగ మాగిందే వేయాలె. ఇంక ఆ ఏపు ఆకు మిర్చికి వేసిన యూరియా మిగులు. నత్రజని ఎక్కువైతే పంటంతా పైకే పోతది.

వానలు తగ్గుముఖం పట్టినంక, ఆగస్టు ఆఖరు నుంచి విత్తాలె. ఎకరానికి 4–5 కిలోలు, ఇసుకల కలిపి చల్లి, సెంటీమీటరు కన్న లోతు పోకుండ చూడాలె. చల్లినంక వాన పడి ఎండ కొడితే చెల్క పైన పెచ్చు కడుతది, సన్న మొలక దాన్ని చీల్చలేదు. తేలికగ ముండ్లకంప తిప్పి పగలగొట్టాలె. 25–30 రోజులకు ఒత్తు మొక్కలు పీకెయ్యి. నీళ్లు నిలిస్తే ఏ మందూ కాపాడదు.

చెల్క_నర్సంపేట:
గీకి చూసిన, తోలు లేసింది. మరి దుకాణంల అమ్మే బ్యాక్టీరియా వాడొచ్చా?

వేరుమట్టి:
వాడొచ్చు, నేల సరిచేశాక. 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం పదిరోజులు ఉంచండి. పిడికిట్లో పిండితే ముద్ద కావాలి, నీరు కారొద్దు. ఆఖరి దున్నకంలో ఎకరానికి చల్లండి. అజోస్పైరిల్లం (గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా), ఫాస్ఫరస్ కరిగించే బ్యాక్టీరియా చెరి 2 కిలోలు వేరే పెంటలో కలిపి సాయంత్రం వేసి వెంటనే కప్పేయాలి. విత్తనానికి సూడోమోనాస్ (తెగుళ్లను ఆపే బ్యాక్టీరియా) కిలోకు 10 గ్రాములు.

ఎక్కువమందికి పనిచేయకపోవడానికి కారణం ప్యాకెట్టే. అజోస్పైరిల్లం లాంటి జీవన ఎరువు పొడిలో గ్రాముకు 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలన్నది నిబంధన. ఎండలో పెట్టిన దుకాణంలో అవి చస్తాయి. తయారీ తేదీ చూడండి, ఆరునెలలు దాటితే వద్దు. విత్తనశుద్ధిలో మాంకోజెబ్ లాంటి శిలీంధ్ర మందుతోనో రాగి మందుతోనో కలిపితే సూడోమోనాస్ దెబ్బతినొచ్చు.

వేరు దగ్గరి బ్యాక్టీరియా పరీక్షకు పంపాలంటే చాళ్ల మధ్య మట్టి పనికిరాదు. మొక్కను పెళ్లతో లేపి దులపండి. రాలేది మామూలు మట్టి. వేరును అంటిపెట్టుకుని మిగిలిన పలుచటి పొరను శుభ్రమైన బ్రష్‌తో దులిపి తీయాలి, అదే వేరు చుట్టూ బతికే మట్టి. పదిచోట్ల తీసి, ఐస్ డబ్బాలో అదేరోజు ల్యాబుకు చేర్చండి.

ఈ పంటను కాయలు ఎర్రబడి ఆకు ఎండాక తవ్వండి. బుడిపె వేర్లను విడిగా పెట్టండి, తెగిన ముక్కలు కూడా చెల్కలో వదలొద్దు, ఏరి కాల్చండి. తర్వాత రెండేళ్లు అక్కడ మిర్చి, అశ్వగంధ రెండూ వద్దు. నువ్వులు వేయండి, గట్ల పక్కన బంతి పెట్టండి.