మా ఇంట్లో జీతం పడింది, అక్క ఇంట్లో ప్రీమియం పెరిగింది. ఈ షట్‌డౌన్ రాజీ తప్పా, ఒప్పా?

కొత్తిమీర_కట్ట (వర్జీనియా), నవంబర్ 23, 2025

ఇది రాజకీయం కన్నా ఇంటి గొడవ అనుకోండి. పది రోజులుగా నేనూ మా అక్కా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఎందుకంటే చెబితే నవ్వుతారు. అమెరికా సెనేట్ వల్ల.

మా వారు ఫెడరల్ ఉద్యోగి. ఏ ఆఫీసో అడక్కండి. అక్టోబర్ 1న బడ్జెట్ బిల్లు పాస్ కాక షట్‌డౌన్, అంటే గవర్నమెంట్ మూత, మొదలైనప్పుడు ఆయన్ని 'ఎక్సెప్టెడ్' అన్నారు. అంటే ఇంట్లో కూర్చోవడం కాదు. రోజూ వెళ్లి పని చేయాలి, జీతం మాత్రం ఎప్పుడో. అక్టోబర్ మధ్యలో సగం జీతమే పడింది. నెలాఖరు పే స్లిప్ నేనే ఫోన్‌లో తెరిచి చూశా. పేరు, గ్రేడు, తేదీలు అన్నీ యథాప్రకారం ఉన్నాయి. చివర చేతికొచ్చేది అన్న చోట 0.00. సున్నాని కూడా సెంట్లతో సహా లెక్కగట్టి ఇచ్చారు!

మార్ట్‌గేజ్ సేవింగ్స్‌లోంచి కట్టాం. ఇంకో నెల సాగితే అబ్బాయి కాలేజీకి దాచింది కదిలించాల్సి వచ్చేది. కొందరు డెమోక్రాట్లు రాజీపడితే నవంబర్ 12 రాత్రి గవర్నమెంట్ తెరిచే బిల్లు మీద సంతకం అయింది, మరుసటి వారం బకాయిలతో సహా జీతం పడింది. కార్తీక మాసం, దీపం ఎలాగూ పెడుతున్నదే, ఆ రోజు ఇంకో వత్తి ఎక్కువేశా.

ఆ సంతోషంలో అక్కకి ఫోన్ చేశా. అదీ నా తప్పు. అంతా విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ జీతం కోసం మా ఇన్సూరెన్స్ వదిలేశారన్నమాట" అంది.

అక్కావాళ్లు టెక్సస్‌లో చిన్న కన్వీనియన్స్ స్టోర్ నడుపుతారు. బావకి 59, అక్కకి 57, ఇద్దరూ సిటిజన్లే. కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు కాబట్టి మార్కెట్‌ప్లేస్‌లో, అదే ఒబామాకేర్‌లో, కొనుక్కుంటారు. షాపు మీద ఏడాదికి 92,000 డాలర్ల దాకా మిగులుతుంది. ఈ ఏడాది ఇద్దరికీ కలిపి నెలకు 650 కడుతున్నారు. ప్రీమియంలో గవర్నమెంట్ భరించే పెంచిన సబ్సిడీ ఈ ఏడాదితో అయిపోతుంది, డెమోక్రాట్లు షట్‌డౌన్‌లో పట్టుబట్టింది దాని కోసమే. అందుకే 2026కి అదే ప్లాన్ 2,380 చూపిస్తోంది. బావకి షుగర్, రెండేళ్ల కింద స్టెంట్ పడింది. ఇన్సూరెన్స్ లేకుండా ఓ ఏడాది చూద్దాంలే అనుకునే మనిషి కాదు.

మా వర్జీనియా సెనేటర్లిద్దరూ డెమోక్రాట్లే. టిమ్ కేన్ రాజీకి ఓటేశాడు, మార్క్ వార్నర్ వేయలేదు. అచ్చం మా ఇల్లే.

అడిగేదేంటంటే, ఇంకో రెండు మూడు వారాలు బిగపట్టుకుని ఉంటే సబ్సిడీ పొడిగించేవాళ్లా? అక్క అన్నది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ట్రంప్ భక్తులూ ద్వేషులూ దయచేసి ఇంకెక్కడైనా కొట్టుకోండి.

---

పాత_పేపర్ (మేరీలాండ్)

అమ్మా, మీ అక్కగారి కోపంలో న్యాయం ఉంది. లెక్క మాత్రం కుదరదు.

నేను ఈ దేశం వచ్చింది 1994లో. మరుసటి ఏడాదే ప్రెసిడెంట్ క్లింటన్, దిగువ సభ (హౌస్) స్పీకర్ గింగ్రిచ్ పట్టుదలకి పోయి రెండు విడతలుగా గవర్నమెంట్ మూసేశారు, రెండోది 21 రోజులు. అప్పటి నుంచీ ప్రతిదీ చూస్తూనే ఉన్నా. మూయించినవాడు అడిగింది తీసుకుని ఇంటికెళ్లడం నేను చూళ్లేదు. 2013లో రిపబ్లికన్లు ఇదే ఒబామాకేర్‌ని ఆపించాలని 16 రోజులు మూశారు, అది ఆగలేదు. 2018 డిసెంబర్‌లో ట్రంప్ మెక్సికో సరిహద్దు గోడకి 5.7 బిలియన్లు కావాలన్నాడు. 35 రోజుల తర్వాత ఉత్త చేతులతో తెరిచాడు, ఆ మీదట కాంగ్రెస్ ఇచ్చింది 1.375 బిలియన్లు.

మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్నది మాత్రం అందరూ మర్చిపోయిన 2018 జనవరిది. మూడు రోజులే. చిన్నప్పుడు వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన పిల్లల కోసం డెమోక్రాట్లు పట్టుబట్టారు. ఓటింగ్ పెడతామని సెనేట్ రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ మాటిస్తే తెరిచారు. ఫిబ్రవరిలో మాట ప్రకారం ఓటింగ్ పెట్టారు. ఒక్క బిల్లూ 60 దాటలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న థూన్ ఇచ్చింది కూడా అదే మాట. డిసెంబర్‌లో సబ్సిడీ మీద ఓటింగ్ పెడతానన్నాడు కానీ, పాస్ చేయిస్తానని అన్లేదు. అవతల హౌస్‌లో స్పీకర్ జాన్సన్ ఆ మాటా ఇవ్వలేదు.

సెనేట్‌లో రిపబ్లికన్లు 53. ఖర్చుల బిల్లు ముందుకు కదలాలంటే 60 కావాలి. డెమోక్రాట్లకున్న పిడికిలి ఆ ఏడు ఓట్లే. మొదట వాళ్లడిగింది సబ్సిడీ శాశ్వతంగా ఉంచమని, జులైలో పేదల ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌కి పెట్టిన కోతలు కూడా తీసేయమని. నవంబర్ 7 నాటికి సెనేట్ డెమోక్రాట్ల నాయకుడు షూమర్ ఒక్క ఏడాది పొడిగింపు చాలన్నాడు. దానికీ కుదరదన్నారు. బేరంలో అంత కిందికి దిగాక కూడా ఎదుటివాడు కదలకపోతే ఇక రెండు వారాల్లో కదులుతాడని నేననుకోను.

ఈ లోపల 4 కోట్ల మందికి పైగా తిండి కొనుక్కోడానికి వాడే ఫుడ్ స్టాంపుల డబ్బు నవంబర్ మొదట్లోనే ఆగింది. జీతాల్లేని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు రాక, 40 ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు. 9వ తేదీ ఆదివారం రాత్రి ఏడుగురు డెమోక్రాట్లు, వాళ్లతో కూర్చునే ఇండిపెండెంట్ ఆంగస్ కింగ్ రాజీ వైపు వెళ్లారు. రాండ్ పాల్ రిపబ్లికనే అయినా వద్దన్నాడు. లెక్క సరిగ్గా 60-40.

వాళ్లేమీ తెచ్చుకోలేదంటే నేనొప్పుకోను. షట్‌డౌన్‌లో తీసేసిన ఉద్యోగుల్ని వెనక్కి తీసుకోవాలి, జనవరి 30 దాకా కొత్తగా తీయకూడదు, బకాయి జీతాలు ఇవ్వాలి. వ్యవసాయ శాఖకి సెప్టెంబర్ దాకా బడ్జెట్ వచ్చింది కాబట్టి ఫుడ్ స్టాంపులు మళ్లీ బందీ కావు. వర్జీనియాలో ఫెడరల్ ఉద్యోగులు ఎంతమందో మీకు నేను చెప్పాలా? కేన్ తన ఊరి పని చూసుకున్నాడు.

ఇంకో మాట ఎవరూ గట్టిగా అనరు. ఆ పెంచిన సబ్సిడీ 2021లో కోవిడ్ చట్టంలో వచ్చింది, 2022లో 2025 చివరిదాకా పొడిగించారు. గడువు పెట్టింది డెమోక్రాట్లే, ఖర్చు తక్కువగా కనబడాలని. శాశ్వతం చేస్తే పదేళ్లకి 350 బిలియన్ల లెక్క తేలింది మరి. మీ అక్కగారు కోపం కాస్త 2022 వైపు కూడా తిప్పొచ్చు.

---

స్టాంపింగ్_బాకీ (న్యూజెర్సీ)

పాత_పేపర్ గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ, దాని ప్రకారమే అడుగుతున్నా. ఓడిపోతామని మూడు అనుభవాలు ముందే ఉన్నప్పుడు, 40వ రోజున ఒప్పుకున్నది మొదటి రోజే ఒప్పుకోవచ్చుగా? ఓటింగ్ పెడతామన్న మాట కోసం ఇంత చేయాలా?

నా కథ చెప్తా. సెప్టెంబర్ ఆఖర్లో కొత్త ఆఫర్ వచ్చింది. హెచ్1బి వర్క్ వీసా ట్రాన్స్‌ఫర్‌కి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏ అనే దరఖాస్తు వేయాలి. వీసా ఫైళ్లు చూసే యూఎస్‌సీఐఎస్ మన ఫీజులతో నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. లేబర్ పోర్టల్ మాత్రం అక్టోబర్ 1న మూత. తలుపు తీసే ఉంది, తాళం వేసింది గేటుకి. కొత్త కంపెనీ లాయర్ ప్రతి సోమవారం ఒకే వాక్యం మెయిల్ పెట్టేవాడు, "స్టేటస్‌లో మార్పు లేదు." పాత కంపెనీలో అప్పటికే చెప్పేశా, నా పని పక్కవాడికి అప్పగించేశారు కూడా. మీటింగుల్లో ఊరికే కూర్చునేవాణ్ణి. నాకు నిద్ర లేదు, మా ఆవిడకి టెన్షన్. అక్టోబర్ 31న పోర్టల్ తెరిచారు. షట్‌డౌన్ అప్పటికింకా అయిపోలేదు, అయినా తెరిచారు! తెరవగలిగినప్పుడు మూయడమెందుకో.

ఓటు లేదు, పన్ను మాత్రం ఉంది. ఇంకొకటి, మెడికెయిడ్ కోతలు పెట్టిన ఆ జులై చట్టం ప్రకారం 2027 నుంచి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ మనలాంటి వీసా వాళ్లకి ఉండదు, గ్రీన్ కార్డ్ ఉండాలి. ఉద్యోగం పోయి ప్లాన్ కొనుక్కోవాల్సి వస్తే పూర్తి రేటే. ఆ ముక్క ఈ 43 రోజుల్లో ఏ టీవీలోనూ వినలేదు నేను.

---

పాత_పేపర్ (మేరీలాండ్)

మొదటి రోజే ఎందుకు ఒప్పుకోలేదంటే, మార్చిలో ఒప్పుకున్నారు కాబట్టి. అప్పుడు షూమర్ బిల్లు కదలనిచ్చాడని సొంత పార్టీవాళ్లే ఉతికి ఆరేశారు. ఈసారి ఆయన వద్దనే ఓటేశాడు, తిట్లు మాత్రం తప్పలేదు. మీకు జరిగిన దానికి నా దగ్గర జవాబు లేదు బాబూ.

---

రసీదుల_రాణి (టెక్సస్)

ఎవరు గెలిచారో మీరు తేల్చుకోండి. నేను టాక్సులు చేసే మనిషిని, నాకు ఆ 92,000 దగ్గరే కన్ను ఆగిపోయింది. కొత్తిమీర_కట్ట గారూ, మీ అక్కగారికి ఇది ఇవాళే పంపండి.

పాత రూలు మళ్లీ వస్తోంది. ఆదాయం పేదరికం గీతకి నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ సున్నా. ఒక్క డాలర్ దాటినా సున్నా. 2026కి ఇద్దరు మనుషుల ఇంటికి ఆ నాలుగు రెట్ల గీత 84,600. మీవాళ్లు 92,000 దగ్గర ఉన్నారు, అందుకే పూర్తి రేటు చూపిస్తోంది. దిగాల్సింది 7,400.

బావగారికి వేరే రిటైర్‌మెంట్ ప్లాన్ లేకపోతే (షాపు వాళ్లకి సాధారణంగా ఉండదు) ట్రెడిషనల్ ఐఆర్ఏ, అంటే సొంత రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా, తెరవమనండి. 2026లో యాభై దాటినవాళ్లు 8,600 దాకా వేయొచ్చు. 92,000లోంచి అది పోతే 83,400. గీత కింద పడ్డారు. అక్కడ సబ్సిడీ లెక్కకి కొలతగా తీసుకునే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కి మీవాళ్లు కట్టాల్సింది ఆదాయంలో 9.96 శాతం, అంటే నెలకు 692. మిగతాది సబ్సిడీ. 2,380 ఎక్కడ, 692 ఎక్కడ! ఆ 8,600 కూడా ఎటూ పోదు, వాళ్ల సొంత ఖాతాలోనే ఉంటుంది. రాత్ ఐఆర్ఏ కాదు (దాంతో ఆదాయం తగ్గదు), ట్రెడిషనల్. ఇది రెండుసార్లు చెప్పండి. పోయినేడు ఒకాయన రాత్‌లో వేసుకొచ్చి నా ముందు కూర్చున్నాడు, నేనేం చేయను?

భయపడాల్సింది ఒకటే. ఇంతకుముందు ఆదాయం అంచనా తప్పితే, తక్కువ ఆదాయం వాళ్లు వెనక్కి కట్టేదానికి ఒక హద్దు ఉండేది. 2026 నుంచి ఎవరికీ హద్దు లేదు. షాపు బాగా నడిచి 84,600 దాటితే ఏడాది సబ్సిడీ మొత్తం తిరిగి కట్టాలి. అందుకని వచ్చే ఏడాది డిసెంబర్‌లో లెక్క చూసుకోవాలి. దాటేలా ఉంటే అక్కగారి పేరున కూడా ఐఆర్ఏ వేయొచ్చు, 2027 ఏప్రిల్ 15 దాకా టైముంటుంది.

జనవరి 1 నుంచి కవరేజ్ కావాలంటే డిసెంబర్ 15 లోపు ప్లాన్ ఎంచుకోవాలి. ఊరికే వదిలేస్తే పాత ప్లాన్ కొత్త రేటుకి దానంతటదే రెన్యూ అవుతుంది. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో 2026 ఆదాయం అంచనా మార్చమనండి. బావగారి గుండె డాక్టర్ ఆ ప్లాన్‌లో ఉన్నాడో లేదో డాక్టర్ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోండి, వెబ్‌సైట్ జాబితాని నమ్మొద్దు.

---

కొత్తిమీర_కట్ట (వర్జీనియా)

రాణి గారూ, మీరు రాసింది యథాతథంగా అక్కకి పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. గంట తర్వాత బావ ఫోన్ చేసి "ఈ రాణి ఎవరు, ఫీజు ఎంత?" అన్నారు.

పాత_పేపర్ గారూ, మీరు చెప్పింది మాత్రం పంపలేదు. ఇంకా ధైర్యం చాల్లేదు. మీ లెక్క తప్పని కాదు. ఈ 43 రోజులూ మా ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా ఆగలేదు. ఫెడరల్ ఉద్యోగులకి జీతం ఆగినా అది నడుస్తుంది, వాటా తర్వాత కోసుకుంటారు. ఆ సంగతి నాకు మొన్న బకాయి స్లిప్ చూసినప్పుడు గాని తట్టలేదు. "మీ ఇన్సూరెన్స్ మీద ఎవరూ బేరం పెట్టలేదు కదా" అని అక్క అంటే నా దగ్గర ఏముంది?

---

కొత్తిమీర_కట్ట (వర్జీనియా), డిసెంబర్ 11, 2025

ఇవాళ సెనేట్‌లో ఓటింగ్ అయింది. పాత_పేపర్ గారు చెప్పినట్టే. మూడేళ్లు పొడిగించాలన్న డెమోక్రాట్ల బిల్లుకి నలుగురు రిపబ్లికన్లు కలిసినా 51 ఓట్లే. సబ్సిడీ బదులు హెల్త్ సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేస్తామన్న రిపబ్లికన్ల బిల్లుకీ 51. రెండూ పడిపోయాయి.

అక్కే ఫోన్ చేసింది. "చూశావుగా మీ కేన్‌కి ఇచ్చిన మాట" అని మొదలుపెట్టి అయిదు నిమిషాలు దులిపింది. అంతా అయ్యాక నెమ్మదిగా చెప్పింది, మొన్న ఆదివారమే రాణి గారి లెక్కతో ప్లాన్ తీసుకున్నారట, నెలకు 690 చిల్లర. గుండె డాక్టర్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత, "జనవరి 30కి ఈ బడ్జెట్ గడువైపోయి మళ్లీ మూసేస్తారటగా? మీకు ఇబ్బందైతే చెప్పు, మార్ట్‌గేజ్‌కి మేం సర్దుతాం" అంది.

వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "ఏం సర్దుతావే, ఉన్నదంతా ఆ ఐఆర్ఏలో పెట్టమందిగా రాణి!"