పడవ ఆగగానే వికారం: ఈతకు అడ్డురాని ఉపాయం ఏమైనా ఉందా?

సముద్ర గుహలు చూసి, మధ్యలో ఈత కొట్టి రావడానికి మా కుటుంబం వరకే ఒక చిన్న మోటారు పడవ మాట్లాడుకున్నాం. ఇలాంటి ప్రయాణాల్లో మా చెల్లెలికి వచ్చే వికారానికి ఇంతవరకూ మార్గం దొరకలేదు.

పడవ వేగంగా వెళ్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. గుహ ముందు ఇంజను ఆపేశాక, అలలు పక్కనుంచి తగిలి పడవ ఊగడం మొదలైతే పది నిమిషాల్లోపే ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట, చివరికి వాంతి. పెదవులు తెల్లగా పాలిపోతాయి. గుహ లోపల మరీ ఎక్కువ. చూపు నిలపడానికి అక్కడ దిగంతరేఖ కనిపించదు కదా! నీళ్లలోకి దిగితే కాస్త తగ్గుతుంది, నిచ్చెన ఎక్కి పైకి రాగానే మళ్లీ మొదలు.

అల్లం ముక్క నమలడం, తేలికగా తినడం, వికారం తగ్గడానికి మణికట్టు మీద నొక్కి ఉంచే పట్టీలు, డీజిల్ పొగకు దూరంగా పడవ మధ్యలో కూర్చోవడం, అన్నీ అయ్యాయి. బయలుదేరడానికి గంట ముందు డైమెన్‌హైడ్రినేట్ అనే, ప్రయాణ వికారానికి వాడే మాత్ర వేస్తే వాంతులు ఆగాయి గానీ, కళ్లు మూతలు పడేంత మత్తు. ఆ స్థితిలో, అందులోనూ రాళ్ల దగ్గర, ఆమెను ఈతకు దింపడానికి నాకు ధైర్యం చాలదు. తనకేమో ఆ గుహలోకి ఈదుకుంటూ వెళ్లాలనే ఆశ.

ఆగి ఉన్న పడవలో వచ్చే ఈ వికారాన్ని, మత్తు లేకుండా అదుపు చేసిన పద్ధతి మీలో ఎవరికైనా పనిచేసిందా?