నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలకు సీట్లు: తెలిసినవారు చెప్పగలరు

డల్లాస్ నాన్న:
మా అమ్మాయికి వాషింగ్టన్‌లోని హోవార్డ్ నుంచి ప్రవేశం ఖాయమైంది, బయాలజీ డిగ్రీకి. హెచ్‌బీసీయూల్లో, అంటే ఒకప్పుడు నల్లవారి చదువు కోసం పెట్టిన కాలేజీల్లో, ఇతర జాతుల పిల్లల పట్ల ఎలా ఉంటారు? ఉపకార వేతనంలో మనకు చోటుందా? హాస్టల్ భోజనం ఎలా ఉంటుంది? ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ పంచాయితీ పెడుతున్నారు.

గ్రీన్స్‌బరో పూర్వ విద్యార్థి:
నేను ఎంఎస్ చదివింది నార్త్ కరోలినా ఏ అండ్ టీలో, అదీ నల్లజాతి విశ్వవిద్యాలయమే. 1960 ఫిబ్రవరి 1న వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికే కేటాయించిన కౌంటర్ దగ్గర కాఫీ ఇమ్మని కూర్చుని లేవని నలుగురు నల్లజాతి విద్యార్థులూ ఆ కాలేజీ కుర్రాళ్ళే. క్యాంపస్‌లో వాళ్ళ విగ్రహాలున్నాయి. మా ప్రొఫెసర్ కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులందరినీ అక్కడికి తీసుకెళ్ళి, ఒక్కొక్కరి పేరూ చెప్పి, చివర్లో ‘రేపు ల్యాబ్‌కి తొమ్మిదింటికి’ అనేవారు. భోజనం సంగతి నన్నడగకండి, తెలుగువాళ్ళం వంతులేసుకుని వండుకున్నాం.

నిజం నిష్ఠూరం:
ఇవి జాతి పేరుతో పెట్టిన కాలేజీలు. 2023లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని చూడొద్దంది. మరి వీళ్ళకు మాత్రం మినహాయింపా? మన రిజర్వేషన్ల కథే ఇది.

అట్లాంటా ఆచార్యులు:
నేను ప్రవేశాల కమిటీలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, చదివి మాట్లాడండి. సీట్లేవీ ఎవరికీ కేటాయించరు. 1964కు ముందు నల్లవారి చదువు కోసం స్థాపించిన కాలేజీలకు 1965 ఉన్నత విద్యా చట్టం ఇచ్చిన గుర్తింపు ఇది, అంతే. హోవార్డ్ 1867లో తెరిచినప్పుడు తొలి విద్యార్థుల్లో వ్యవస్థాపకుల ఇళ్ళ తెల్లపిల్లలే ఉన్నారు. తెల్లవారూ నల్లవారూ కలిసి చదవకూడదన్నది దక్షిణాది రాష్ట్రాల చట్టాలు. కెంటకీ 1904లో దాన్ని ఏకంగా నేరంగా ప్రకటించింది.

నిజం నిష్ఠూరం:
కమిటీలో కూర్చున్నంత మాత్రాన అన్నీ తెలిసినట్టా? అందరికీ తలుపులు తెరిచే ఉంటే నల్లవారు కానివాళ్ళు ఎందుకంత తక్కువ?

మెంఫిస్ సుజాత:
తక్కువా? 1976లో నూటికి 15 మంది, 2022కి 24 మంది. వెస్ట్ వర్జీనియాలో బ్లూఫీల్డ్ స్టేట్ ఉంది, పేరుకు హెచ్‌బీసీయూ, విద్యార్థుల్లో అత్యధికులు తెల్లవారు. చుట్టుపక్కల బొగ్గు ఊళ్ళ నుంచి తక్కువ ఫీజు చూసి వచ్చారు. 1968లో వ్యాయామశాలలో బాంబు పేలాక హాస్టళ్ళు మూసేశారు, దూరం నుంచి వచ్చే నల్లజాతి పిల్లలకు తలదాచుకునే చోటే లేకుండా పోయింది. దీన్ని కూడా వైవిధ్యం అందామా సార్?

నిజం నిష్ఠూరం:
ఒక్క కాలేజీని పట్టుకుని లోకమంతా తీర్పు చెప్పకండి.

మెంఫిస్ సుజాత:
సరే, మిసిసిపీ చూడండి. నల్లజాతి కాలేజీలకు దశాబ్దాలుగా నిధులు ఎగ్గొట్టారని కేసు వేస్తే 2002లో 50.3 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అందులో మెలిక ఏమిటో తెలుసా? జాక్సన్ స్టేట్, ఆల్కార్న్, మిసిసిపీ వ్యాలీ అనే ఆ మూడు కాలేజీలు శాశ్వత నిధిలో తమ వాటా మీద పెత్తనం పొందాలంటే నల్లవారు కాని విద్యార్థులు 10 శాతానికి చేరాలి, మూడేళ్ళు అలాగే నిలబడాలి. ఎగ్గొట్టినవాడు షరతు పెడతాడు, నష్టపోయినవాడు తెల్లపిల్లలను వెతుక్కోవాలి! టెనెసీలో నా కళ్ళ ముందే జరిగింది: 2023లో కేంద్రం లెక్క తీస్తే టెనెసీ స్టేట్ విశ్వవిద్యాలయానికి 30 ఏళ్ళలో రాష్ట్రం నుంచి రావలసి రానివి 210 కోట్ల డాలర్లు. ఇక్కడ ఉంటున్నాం కాబట్టి మాకు మండుతుంది.

అట్లాంటా ఆచార్యులు:
అలబామా సంగతి మరిచారు. అక్కడ కోర్టు ఆదేశంతో అలబామా స్టేట్ విశ్వవిద్యాలయంలో తెల్లవారికి ఉపకార వేతనాలిచ్చారు. ఈ విషయాలు నాకు పాఠం చెప్పనవసరం లేదు.

మెంఫిస్ సుజాత:
నేను పాఠం చెప్పింది మీకు కాదు.

హ్యూస్టన్ రమణి:
అందరూ కోర్టుల్లోనే తిరుగుతున్నారు. మా అబ్బాయి ఒక నల్లజాతి కాలేజీలో చేరాడు, పేరు రాయను. మొదటి సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థి సంఘమూ కుశలం అడిగేది కానీ, ఎవరూ ఇంటికి పిలవలేదు. వాడు బాధపడ్డాడు. ఆ తరువాత పరిశోధనశాలలో అర్ధరాత్రి దాకా కలిసి పనిచేసిన ఇద్దరు పిల్లలు థాంక్స్‌గివింగ్‌కు తీసుకెళ్ళారు. మనవాళ్ళ పార్టీల్లో నల్లజాతి స్నేహితులెందరు వస్తారో మీరే చెప్పండి.

నిజం నిష్ఠూరం:
అందుకే అంటున్నా, సర్దుకోలేరు.

హ్యూస్టన్ రమణి:
అయ్యా, నేను రాసిందంతా చదవలేదా? సర్దుకున్నాడనే రాశాను!

నిర్వాహకుడు:
రెండు వ్యాఖ్యలు తొలగించాను. రిజర్వేషన్ల వాదనకు వేరే చర్చ పెట్టుకోండి.

గ్రీన్స్‌బరో పూర్వ విద్యార్థి:
కమలా హారిస్ 1986లో హోవార్డ్ నుంచే పట్టా తీసుకున్నారు, తల్లి శ్యామల మద్రాసు నుంచి వచ్చినవారు. ఈ సంగతి చెబితే మీ పెద్దవాళ్ళు కాస్త మెత్తబడతారేమో, డల్లాస్ నాన్నగారూ. ఉపకార వేతనం గురించి ప్రవేశ విభాగానికి ఈమెయిల్ రాసి అడగండి, మా మాటల మీద ఆధారపడకండి.

టల్లహాసీ బావ:
ఈ కాలేజీల బ్యాండ్ల గురించి ఎవరూ రాయలేదేమిటి? మా ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం బ్యాండ్‌ను 1989లో పారిస్‌కు పిలిపించుకున్నారు, ఫ్రెంచి విప్లవం ద్విశతాబ్ది ఊరేగింపుకు. హోమ్‌కమింగ్‌కు, అదే పూర్వ విద్యార్థుల వేడుకకు, మీరెవరైనా వస్తే పార్కింగ్ నాకు వదిలేయండి, మైదానం పక్క వీధిలో మా ఇల్లు.