హార్డీ "పాలకోనా" గాలం కర్ర వయసు ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం న్యూకాజిల్‌లో ఉంటాం. పక్కింటి పెద్దాయన పోయాక ఆయన భార్య నాకు ఒక ఫ్లై ఫిషింగ్ రాడ్ (ఈగలాంటి కృత్రిమ ఎరతో చేపలు పట్టే గాలం కర్ర) ఇచ్చారు. నాకు ఈ చేపల వేట నేర్పింది ఆయనే, అందుకే దీని చరిత్ర సరిగ్గా తెలుసుకోవాలని ఉంది.

కర్ర మీద "హార్డీ బ్రదర్స్, ఆనిక్" అనీ, "పాలకోనా" అనీ ఉంది. హార్డీ కంపెనీ వాళ్లు 1872లో ఇంగ్లండ్‌లోని ఆనిక్ ఊళ్లో తుపాకుల పనితో మొదలుపెట్టి తర్వాత గాలం కర్రల్లోకి వచ్చారని చదివాను. ఇది స్ప్లిట్ కేన్, అంటే వెదురును సన్నటి మూడు పలకల బద్దలుగా చీల్చి, ఆరింటిని జిగురుతో అతికించి ఆరు పలకల కర్రగా చేసింది. అతుకు వేలికి కూడా తగలదు, అంత నున్నటి పని!

పిడి దగ్గర ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉన్నాయి. వాటిని బట్టి తయారైన ఏడాది చెప్పగలరా? ఈ వెదురు మన దేశం నుంచి వెళ్లిన కలకత్తా వెదురా, చైనా టోంకిన్ వెదురా అన్నది చూసి ఎలా పోల్చాలి? ఇంకొకటి, కడప వైపు పాలకొండలకూ ఈ "పాలకోనా" పేరుకూ ఏమైనా సంబంధం ఉందా? ఆ పేరు చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది.

రింగుల దగ్గర పట్టుదారం ఊడుతోంది, వార్నిష్ పెచ్చులు లేస్తోంది. పాత గుర్తులు చెరిగిపోతాయేమోనని టెన్షన్‌తో ఇంకా ముట్టుకోలేదు. ముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.