పారాచూట్ పట్టా, పారాచూట్ సిల్కా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి పారాచూట్ సిల్క్‌తో కుట్టిన పెళ్లి గౌన్ల గురించి అనువాదం చేస్తూ "పారాచూట్ పట్టు" అని రాయొచ్చా అని అడిగారు. నా ఓటు సిల్కుకే.

నిఘంటువులో పట్టు, సిల్కు ఒకటే కావచ్చు, బట్టల కొట్లో మాత్రం కాదు. పట్టుచీర అంటే పట్టుపురుగు గూటి నుంచి తీసిన దారంతో నేసింది. సిల్కు చీర అంటే నున్నగా మెరుస్తూ జారుతుంటే చాలు, అది ఆర్ట్ సిల్కు, అంటే కృత్రిమ దారంతో నేసిందయినా ఎవరూ తగువుకు రారు. పారాచూట్ గుడ్డకు కావలసింది సరిగ్గా ఈ రెండో మాటే. మొదట్లో ఆ గుడ్డ నిజంగా పట్టే. అమెరికాకు పట్టు ఎక్కువగా జపాన్ నుంచే వచ్చేది, 1941లో అది ఆగిపోయింది. డ్యూపాంట్ కంపెనీ 1938లో ప్రకటించిన నైలాన్ అప్పటికి ఆడవాళ్ల మేజోళ్లలోకి వచ్చింది. యుద్ధంతో అదంతా పారాచూట్లకు మళ్లింది. గుడ్డ మారినా వాడుకలో "సిల్క్" అన్న పేరు పోలేదు.

మీరు పంపిన భాగంలో ఉన్న గౌనే చూడండి. క్లాడ్ హెన్సింగర్ అమెరికా బాంబర్ విమానం బీ-29కి పైలట్. 1944 ఆగస్టులో జపాన్‌లోని యవాటాపై బాంబులు వేసి తిరిగొస్తుంటే ఇంజన్‌కు నిప్పంటుకుని, చైనాలో పారాచూట్‌తో దూకేశాడు. ఆ రాత్రి అదే అతనికి దిండు, దుప్పటి. దాన్ని దాచుకుని ఇంటికి తెచ్చి, పెళ్లి చేసుకుందామని అడుగుతూ రూత్ చేతిలో పెట్టాడు. 1947లో పెన్సిల్వేనియాలో పెళ్లి. పైభాగం, మేలిముసుగు దర్జీ ఆవిడ కుట్టింది. కింది గౌను రూత్ తనే తయారు చేసుకుంది, పారాచూట్ తాళ్లను లాగి ముందు పొట్టిగా, వెనక నేల మీద జీరాడేలా. తర్వాత వాళ్ల కూతురూ, కోడలూ అదే తొడుక్కుని పెళ్లి చేసుకున్నారు. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అది నైలాన్. "పట్టు గౌను" అని రాస్తే తప్పవుతుంది.

పారాచూట్ గుడ్డలో కలిపి కుట్టే ముక్కలను ఇంగ్లిష్‌లో "గోర్స్" అంటారు. దాన్ని మీరు "త్రిభుజాకార ఖండాలు" అన్నారు, లెక్కల పుస్తకంలా ఉంది. మన దర్జీల అంబ్రెల్లా కటింగ్‌లో పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కల్లాంటివే అవి. "కోసు ముక్కలు" అంటే సరిపోతుంది. బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా బట్టలకు రేషన్ కూపన్లు. యుద్ధం ముగిశాక ఈ ముక్కలు కూపన్ లేకుండా దొరికితే ఆడవాళ్లు వాటితో జాకెట్లు, లోదుస్తులు కుట్టుకున్నారు. ముక్క ఆకారం అలా ఉన్నందుకే కుట్టడం కష్టమయ్యేది, కాబట్టి ఆ మాట అర్థమయ్యేలా ఉండాలి.

"కేటర్‌పిల్లర్ క్లబ్"ను "గొంగళిపురుగుల సంఘం" అన్నారు. చదివినవాళ్లకు దురద పుడుతుంది! పారాచూట్ వల్ల ప్రాణం దక్కినవాళ్ల కోసం 1922లో మొదలైన క్లబ్ ఇది. పేరులోని పురుగు పట్టు ఇచ్చేదే. ఇక్కడ మాత్రం "పట్టుపురుగు" అనే రాయండి, సభ్యుడు నైలాన్‌తో దిగినా సరే.

ఆ గౌనును "వారసత్వ సంపద" అన్నారు. అలా అంటే పొలం, పాస్‌బుక్కు గుర్తొస్తాయి. "గుర్తుగా దాచుకున్న గౌను" చాలు.

ఇక పారాచూట్‌నే "గగనఛత్రం" చేద్దామన్న సూచన ఒకటి వచ్చింది. వద్దండీ. ఎన్నికలప్పుడు పైనుంచి ఊడిపడి టికెట్ ఎగరేసుకుపోయినవాణ్ని "పారాచూట్ లీడర్" అని తిట్టుకునే స్థాయికి వచ్చిందంటే ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది.