వీఎం డిస్క్ డిలీట్ చేశా కానీ స్పేస్ తిరిగి రాలేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

ప్రశ్న:
అందరికీ నమస్తే. రెండు రోజుల నుంచి దీంతోనే తల పట్టుకుని కూర్చున్నా. నా లాప్‌టాప్‌లో లినక్స్ మింట్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్‌గా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఎంచుకున్నా. విర్ట్ మేనేజర్‌లో టెస్టింగ్ కోసం ఒక విండోస్ వీఎం (లాప్‌టాప్ లోపలే నడిచే వర్చువల్ కంప్యూటర్) పెట్టుకున్నా, దాని డిస్క్ అంతా ఉండే క్యూకౌ2 ఫైల్ పెరిగి పెరిగి 140 జీబీ అయింది. డిస్క్ నిండిపోతోందని వార్నింగులు వస్తుంటే ఇంక దీంతో పని లేదులే అని టెర్మినల్ తెరిచి లిబ్‌విర్ట్ ఇమేజెస్ ఫోల్డర్‌లోకి వెళ్ళి సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆర్‌ఎం అనే డిలీట్ కమాండ్ కొట్టేశా. ఫైల్ పోయింది, లిస్ట్ చూపే ఎల్‌ఎస్ కొడితే కనపడట్లేదు. కానీ డిస్క్‌లో ఖాళీ చూపే డీఎఫ్ చూస్తే ఇంతకుముందు 9 జీబీ ఖాళీ ఉంటే ఇప్పుడూ అదే 9 జీబీ! ట్రాష్ చూశా, అందులో ఏం లేదు. ఫోల్డర్ల సైజ్ చూపే డీయూతో అన్ని ఫోల్డర్లూ కలిపితే 300 దగ్గర తేలుతోంది, డీఎఫ్ ఏమో 465 వాడేశావ్ అంటోంది. ఆ మధ్యలో 165 జీబీ ఎక్కడికెళ్ళింది? పెద్ద బిల్డ్ (కోడ్ కంపైల్) ఒకటి నడుస్తోంది కాబట్టి ఇంకా రీస్టార్ట్ చేయలేదు. ఫార్మాట్ చేయక తప్పదా?

జవాబు 1:
ఫార్మాట్ మాట ఎత్తకండి, అంత అవసరం రాదు. ముందు ఒకటి చెప్పండి, ఫైల్ తీసేసేటప్పుడు ఆ వీఎం ఆపే ఉందా, నడుస్తోందా? లినక్స్‌లో ఆర్‌ఎం చేసే పని ఫోల్డర్‌లోంచి ఆ ఫైల్ పేరు తీసేయడం వరకే. ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే అది వదిలేదాకా బ్లాకులు (డిస్క్ మీద ఆ ఫైల్ డేటా ఉన్న ముక్కలు) అలాగే ఉంటాయి, పేరు లేదు కాబట్టి డీయూకి కనపడదు, బ్లాకులు ఉన్నాయి కాబట్టి డీఎఫ్ లెక్కేస్తుంది. ట్రాష్‌లో లేకపోవడం మామూలే, ఆర్‌ఎం ట్రాష్‌కి పంపదు, ఫైల్ మేనేజర్‌లోంచి డిలీట్ చేస్తేనే అక్కడికి పోతుంది. సుడో పెట్టి ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌ని ప్లస్ ఎల్ 1 ఆప్షన్‌తో కొట్టండి, పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ళన్నీ డిలీటెడ్ అన్న గుర్తుతో వస్తాయి. అందులో క్యూఈఎంయూ (మీ వీఎంని నడిపే ప్రోగ్రామ్) లైన్ కనపడిందంటే మీ దొంగ దొరికినట్టే.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ బ్రో ఆ ప్రాసెస్‌ని ఆపే ముందు ఒక్క నిమిషం ఆగు. ఆ వీఎం లోపల నీకు కావల్సిన ఫైల్ ఏదైనా ఉందేమో చూసుకో. వీఎం ఇంకా నడుస్తుంటే డిస్క్ లోపల అంతా మామూలుగానే ఉంటుంది, విండో తెరిచి కావల్సినవి నెట్‌వర్క్ షేర్‌కో పెన్‌డ్రైవ్‌కో కాపీ చేసుకోవచ్చు. ఆపేశావంటే అంతే. నేను ఇలాగే తొందరపడి కిల్ కొట్టేసి రెండు నెలల నోట్స్ పోగొట్టుకున్నా, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది, అందుకే ఇంతగా చెప్తున్నా.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ ఇద్దరికీ. నిజమే, వీఎం పాజ్‌లో ఉంది, పాజ్ అంటే ఆగినట్టే అనుకున్నా నేను! ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో క్యూఈఎంయూ లైన్ కనపడింది. రెజ్యూమ్ చేసి లోపల రెండు ఫోల్డర్లు కాపీ చేసుకుని తర్వాత షట్‌డౌన్ చేశా. ఖాళీ 9 నుంచి 40 జీబీకి వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఏం లేదు. కానీ 140 రావాలి కదా, 31 మాత్రమే వచ్చింది, మిగతాది ఏమైంది?

జవాబు 3:
బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అన్నారు, మింట్ అన్నారు, అంటే టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళ్ళే బ్యాకప్ టూల్) ఆన్‌లో ఉండే ఉంటుంది, అవునా? అలా అయితే మిగతాదంతా స్నాప్‌షాట్లలో, అంటే అది తీసి ఉంచే సిస్టమ్ పాత స్థితుల్లో ఉందండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఏదీ కాపీ అవ్వదు, అప్పటికి డిస్క్ మీద ఉన్న బ్లాకుల్నే అది కూడా చూపిస్తూ ఉంటుంది, అందుకే క్షణంలో అయిపోతుంది, మొదట్లో జాగా కూడా తినదు. మీ ఇమేజ్ ఉన్న ఫోల్డర్ రూట్ సబ్‌వాల్యూమ్‌లోనే (బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో సిస్టమ్ ఫైళ్ళు ఉండే విడి భాగం) ఉంది కాబట్టి ప్రతి స్నాప్‌షాట్‌లోకీ ఆ 140 జీబీ ఫైల్ కూడా వెళ్ళింది. మీరు అసలు ఫైల్ తీసేసినా పాత స్నాప్‌షాట్ ఆ బ్లాకుల్ని పట్టుకునే ఉంటుంది. వీఎం ఆపగానే వచ్చిన 31 జీబీ ఏంటంటే చివరి స్నాప్‌షాట్ తర్వాత మారిన భాగం, దాన్ని ఇంకెవరూ పట్టుకోలేదు కాబట్టి వెంటనే వదిలింది. పైగా విండోస్ వీఎం ఊరికే కూర్చున్నా లోపల ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, రాసిన ప్రతిసారీ కొత్త బ్లాకులు, పాతవేమో స్నాప్‌షాట్‌లో ఉండిపోతాయి, అందుకే మీకు తేడా 140 కాకుండా 165 దాకా వచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది: టైమ్‌షిఫ్ట్ తెరిచి ముందు కొత్తగా ఒక స్నాప్‌షాట్ తీయండి, ఇందులో ఆ ఫైల్ ఉండదు, జాగా కూడా దాదాపు పట్టదు, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి ఒకటి ఉంటుంది. తర్వాత ఫైల్ డిలీట్ చేయకముందు తీసినవన్నీ ఆ విండోలోనే సెలెక్ట్ చేసి తీసేయండి. అన్నీ అంటే అన్నీ, ఒక్కటి మిగిలినా ఇమేజ్ అందులో బతికే ఉంటుంది. స్నాప్‌షాట్ ఫోల్డర్లలోకి వెళ్ళి చేత్తో ఆర్‌ఎం మాత్రం కొట్టకండి. తీసేశాక జాగా ఒక్కసారిగా రాదు, వెనకాల క్లీనర్ థ్రెడ్ మెల్లగా వదులుతూ పోతుంది, కాసేపు ఆగి డీఎఫ్ చూడండి.

జవాబు 4:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది దీనికి కాస్త దగ్గర ప్రశ్నే. నేను వర్చువల్‌బాక్స్‌లో వీఎం డిలీట్ చేయలేదు, లోపల 60 జీబీ ఫైళ్ళు తీసేశా, బయట దాని డిస్క్ అయిన వీడీఐ ఫైల్ సైజ్ అంతే ఉంది. అది కూడా ఇలాంటిదేనా?

జవాబు 1:
కాదండి, మీది వేరు. డైనమిక్ డిస్క్ పెరగడమే తప్ప తనంతట తాను తగ్గదు, లోపల మీరు ఏం తీసేశారో బయట ఫైల్‌కి తెలీదు. లోపల విండోస్ అయితే ఎస్‌డిలీట్ టూల్‌ని జెడ్ ఆప్షన్‌తో నడిపి ఖాళీ జాగా అంతా సున్నాలతో నింపి, వీఎం షట్‌డౌన్ చేసి, బయట నుంచి వీబాక్స్ మేనేజ్‌లో మోడిఫై మీడియం కాంపాక్ట్ కొట్టాలి. ఒక జాగ్రత్త, సున్నాలు నింపేటప్పుడు వీడీఐ తన ఫుల్ సైజ్ దాకా పెరగొచ్చు, హోస్ట్‌లో (వీఎం నడిచే అసలు కంప్యూటర్‌లో) అంత జాగా ఉందో లేదో ముందే చూసుకోండి. హైపర్‌వీ (మైక్రోసాఫ్ట్ వీఎం సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకి కూడా ఒక మాట, అందులో మేనేజర్ నుంచి వీఎం డిలీట్ చేస్తే దాని డిస్క్ ఉండే వీహెచ్‌డీఎక్స్ ఫైల్ పోదు, అది విడిగా మీరే వెతికి తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
అయిపోయింది!! టైమ్‌షిఫ్ట్‌లో ఏడు పాత స్నాప్‌షాట్లు ఉన్నాయి, కొత్తది ఒకటి తీసి ఆ ఏడూ తీసేశా, మొదట ఏం మారలేదు, భయమేసింది, టీ తాగి వచ్చేసరికి ఖాళీ 171 జీబీ చూపిస్తోంది. రీస్టార్ట్ కూడా అవసరం పడలేదు, బిల్డ్ కూడా ఆగలేదు. మీ అందరికీ నిజంగా రుణపడి ఉంటా. కొత్త వీఎం పెట్టుకోవాలి, మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు 3:
సంతోషం అండి. కొత్తది పెట్టే ముందే ఇమేజెస్ ఫోల్డర్‌ని విడిగా ఒక సబ్‌వాల్యూమ్‌గా చేసుకోండి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ లోపలి సబ్‌వాల్యూమ్‌లలోకి వెళ్ళదు కాబట్టి టైమ్‌షిఫ్ట్ దాన్ని ముట్టుకోదు. అయితే రూట్‌ని టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి తీసుకెళ్ళాల్సి వస్తే లోపలి సబ్‌వాల్యూమ్ దానితో పాటు రాదు, అందుకని రూట్ లోపల కాకుండా టాప్ లెవెల్‌లో చేసి, బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో మౌంట్ రాసుకుంటే ఇంకా మంచిది. విర్ట్ మేనేజర్‌లో డిస్క్ సెట్టింగ్స్‌లో డిస్కార్డ్ మోడ్‌ని అన్‌మ్యాప్ అని పెట్టండి, అప్పుడు వీఎం లోపల తీసేసిన జాగా క్యూకౌ2 నుంచి కూడా బయటికి వస్తుంది. ఇంకోటి, వీఎం అక్కర్లేనప్పుడు ఆర్‌ఎం కాకుండా విర్ట్ మేనేజర్‌లోనే డిలీట్ నొక్కి, స్టోరేజ్ ఫైళ్ళు కూడా తీసేయమనే టిక్ పెట్టండి.